పిల్లుల బీమా షరతులు సరిహద్దు పట్టణాలకూ సరిపోవాలి

సంపాదకుల వారికి,

పెంపుడు పిల్లుల వైద్య ఖర్చులకు బీమా చేయించుకోవడం గురించి రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వంటి ఒడిశా సరిహద్దు పట్టణాల తెలుగు కుటుంబాల్లో కూడా ఇప్పుడు మాటలు వినిపిస్తున్నాయి. ఆ బీమా అవసరమని గట్టిగా నమ్మేవారిలో నేనూ ఒకతెను. అయితే ఆ పాలసీల షరతులు చదివితే, అవన్నీ వీధి చివరనే పిల్లుల డాక్టరు దొరికే మహానగరవాసుల కోసం రాసినవని తెలిసిపోతుంది. వాటిని మార్చకపోతే మాబోటివాళ్లకు ప్రీమియం కట్టడం సులువు, క్లెయిమ్ రాబట్టుకోవడం కష్టం అన్నట్టే ఉంటుంది.

బీమా ఎందుకు కావాలో తెలియాలంటే మగపిల్లులకు తరచుగా వచ్చే ఒక్క జబ్బును చూస్తే చాలు. వాటి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది. అందులో ఇసుక వంటి రేణువులు అడ్డుపడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే గుండె ఆగి పిల్లి చనిపోవచ్చు. సమయానికి మత్తు ఇచ్చి, గొట్టం వేసి, సెలైను ఎక్కించి, కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉంచుకుంటే బతుకుతుంది. కానీ రక్తపరీక్షలు, మందులు, పడక అన్నీ కలిపి అయ్యే ఖర్చు మధ్యతరగతి ఇంటి నెల బడ్జెట్టును తలకిందులు చేస్తుంది. డబ్బు చాలక, బతకవలసిన ప్రాణిని వదులుకోవలసి రావడం ఎంత బాధో అనుభవించినవారికే తెలుసు.

మన ప్రాంతంలో జంతువులకు బీమా కొత్త కాదు. ఆవుకు, గేదెకు చెవిపోగు వేయించి, పశువుల డాక్టరు చేత ధ్రువపత్రం రాయించి బీమా కట్టడం రైతులందరికీ తెలిసిన పద్ధతే. జాతీయ పశుధన మిషన్ కింద ఆ ప్రీమియంలో రైతు వాటాను కేంద్ర ప్రభుత్వం 2024లో 15 శాతానికి తగ్గించింది కూడా. అయితే పశువు బీమా ముఖ్యంగా పశువు చనిపోయినప్పుడు దాని విలువను చెల్లించే బీమా. పిల్లి విషయంలో అది పెద్దగా పనికిరాదు, ఎందుకంటే మన ఇళ్లలో ఉండేవి ఎవరో ఇచ్చినవో, వానకు గుమ్మంలోకి వచ్చి ఉండిపోయినవో అయిన నాటు పిల్లులు. వాటికి సంతలో ధర ఉండదు. మనకు కావలసింది అది బతికుండగా అయ్యే వైద్యానికి సాయం. 2021లో బజాజ్ అలయన్జ్ సంస్థ పిల్లుల కోసం విడిగా పాలసీ తెచ్చినప్పుడు శస్త్రచికిత్సకు, ఆసుపత్రి ఖర్చుకు రక్షణ కల్పించడం, జాతి పిల్లులతో పాటు నాటు పిల్లులను కూడా చేర్చుకోవడం నిజంగా మెచ్చుకోదగ్గ అడుగు.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. టీకాతో నివారించగల జబ్బు, టీకా వేయించని పిల్లికి వస్తే ఆ ఖర్చు చెల్లించబోమనేది ఇలాంటి పాలసీల్లో సాధారణంగా కనిపించే షరతు. షరతులో తప్పు లేదు. పిల్లి కూనలుగా ఉన్నప్పుడే వరుసగా ప్రాణాలు తీసే పాన్‌ల్యూకోపీనియాకు, జలుబు రూపంలో వచ్చే హెర్పిస్, కాలిసి వైరస్ జబ్బులకు కలిపి ఒకే టీకా ఉంది, దాన్ని ప్రతి పిల్లికీ వేయించాల్సిందే. కానీ ఆ టీకా మా పట్టణాల్లో ఎక్కడ దొరుకుతుంది? మా పశువుల ఆసుపత్రులు ప్రధానంగా ఆవులు, మేకలు, కోళ్ల కోసం నడుస్తున్నవి. గాలికుంటుకు, మేకల పారుడు వ్యాధికి టీకాలు ఉంటాయి, పిల్లుల టీకా అడిగితే విశాఖపట్నం వెళ్లమంటారు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో ఉంచవలసిన మందును మనమే కొని, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా రైల్లో వేసవి ఎండలో తెచ్చుకోవడం జరిగే పని కాదు. పిల్లినే బుట్టలో పెట్టుకుని వెళ్లాలి, మూడు నాలుగు వారాల తర్వాత రెండో డోసుకు మళ్లీ వెళ్లాలి. ఇంత దూరం పోలేని కుటుంబం పిల్లికి టీకా కార్డు ఉండదు, కార్డు లేనందువల్ల క్లెయిమ్ ఉండదు. శీతల పెట్టెలు, సిబ్బంది ఇప్పటికే ఉన్న జిల్లా పశువుల ఆసుపత్రుల్లో వారానికి ఒక రోజు, అసలు ధరకే, ఈ టీకా వేసే ఏర్పాటు చేయాలని ఒడిశా పశుసంవర్ధక శాఖను కోరుతున్నాను. దానితో పాటే రేబీస్ టీకా కూడా వేస్తే ఊరంతటికీ మేలు, ఎందుకంటే రేబీస్ కుక్క కాటుతోనే కాదు, పిల్లి కాటుతోనూ వస్తుంది.

రెండో చిక్కు బిల్లులది. సాధారణంగా ఆసుపత్రికి డబ్బు మనమే కట్టి, కాగితాలన్నీ పంపి, తర్వాత తిరిగి తీసుకోవాలి. ఆ కాగితాల్లో డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, అచ్చు బిల్లు, పరీక్షల నివేదికలు ఉండాలి. చిన్న ఊళ్లో మందులు చీటీ మీద రాసిస్తారు, ఫీజుకు రసీదు ఇవ్వరు. పైగా మా చిరునామా ఒడిశాలో, చికిత్స ఆంధ్రప్రదేశ్‌లో. పర్లాకిమిడి వాసికి మహేంద్రతనయ నది దాటితే పాతపట్నమే, అది వేరే రాష్ట్రం. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం దేశ రిజిస్టరులో పేరున్న డాక్టరు ఏ రాష్ట్రంలోనైనా వైద్యం చేయవచ్చు కనుక, రాష్ట్రం వేరన్న కారణంతో ఏ క్లెయిమ్‌నూ ఆపరాదని బీమా సంస్థలకు స్పష్టమైన ఆదేశం ఉండాలి. డాక్టరు సంతకం, నంబరు ఉన్న చేతిరాత చీటీని కూడా ఆమోదించే ఒక చిన్న నమూనా ఫారం ఉంటే సగం కష్టం తీరుతుంది.

భాష సంగతి కూడా చెప్పాలి. మనుషుల ఆరోగ్య బీమాలో పాలసీ వివరాల పత్రాన్ని, పాలసీదారు కోరితే, స్థానిక భాషలో ఇవ్వాలన్న నిబంధన 2024 జనవరి నుంచి అమల్లో ఉంది. పెంపుడు జంతువుల పాలసీలకూ అదే వర్తింపజేయాలి. మా జిల్లాల్లో స్థానిక భాష అంటే ఒడియాతో పాటు తెలుగు కూడా అని గుర్తించాలి. బీమా సంస్థల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ హైదరాబాదులోనే ఉన్నది కనుక ఈ మాట వారికి తెలుగులోనే చేరుతుందని నమ్ముతున్నాను. అలాగే, పశువైద్యశాల సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉన్నా, ఆ సేవల ఖర్చు కోసం కట్టే బీమా ప్రీమియంపై 18 శాతం పన్ను పడుతోంది. 2025 సెప్టెంబరులో వ్యక్తిగత ఆరోగ్య బీమాపై ఈ పన్ను ఎత్తివేసినప్పుడు దీన్ని కూడా చూసి ఉండవలసింది.

మనుషులకే సరైన వైద్యం అందని జిల్లాల్లో పిల్లులకు బీమా ఏమిటని అడిగేవారుంటారు. ఆ ఆవేదన నాకూ ఉంది. కానీ ఇక్కడ ఎవరూ ప్రభుత్వ సొమ్ము అడగడం లేదు. సొంత డబ్బుతో ప్రీమియం కట్టేవారికి, కట్టిన దానికి తగిన రక్షణ దక్కాలని మాత్రమే అడుగుతున్నాం.

ఇప్పటికే పాలసీ తీసుకుని క్లెయిమ్ తిరస్కరణకు గురైనవారు ముందు ఆ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా భువనేశ్వర్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను (బీమా ఫిర్యాదులను విచారించే అధికారిని) ఆశ్రయించవచ్చు, దానికి రుసుము లేదు. మీ పత్రిక ఒడిశా ఎడిషన్‌లో వివిధ సంస్థల పిల్లుల పాలసీలను పక్కపక్కన పెట్టి, ఏ వయసు వరకు చేర్చుకుంటారు, ఏ జబ్బులకు చెల్లించరు, ఏ కాగితాలు అడుగుతారు అన్న వివరాలను తెలుగులో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాయగడ, ఒడిశా