జాంజిబార్ పొదలు ఖాళీ స్థలం కాదు

సంపాదకుడు గారికి,

జాంజిబార్ విహారయాత్రపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. స్టోన్ టౌన్ సందులు, లవంగాల తోటల గురించి చక్కగా రాశారు. తూర్పు తీరంలో ముళ్లపొదలు కొట్టి హోటళ్లు కట్టడాన్ని అభివృద్ధి అని మెచ్చుకోవడం దగ్గరే నాకు పేచీ.

అవి ఉత్త పొదలు కావు. పగడపు రాతి మీద, చారెడు మట్టిలో పెరిగిన అడవి. (చిట్టడవిని బంజరు కింద జమకట్టడం మనకూ అలవాటేననుకోండి.) స్థానికులు 'పా నుంగా' అనే ఏడర్స్ డైకర్ ఉండేది అందులోనే. పన్నెండు కిలోలు దాటని చిన్న జింక. ఎర్రగోధుమ ఒళ్లు, తుంటి మీద తెల్లని పట్టీ, నెత్తిన ఎర్రని కుచ్చు. కోతులు చెట్ల మీద నుంచి రాల్చిన ఆకులు, పూలు, పండ్లు ఏరుకుని తింటుంది. అలికిడైతే మాయం. జాంజిబార్‌లోని పెద్ద దీవి ఉంగుజా, కెన్యా తీరపు అడవులు తప్ప దీనికి వేరే చోటు లేదనే చెప్పాలి.

ఉంగుజాలో 1983లో 5,000 ఉంటాయని అంచనా వేశారు. 1999 నాటికి ఆ అంచనా 640కి పడిపోయింది. వేట నిషేధమే, అయినా కుక్కలతో తరిమి వలల్లోకి తోలడం ఆగలేదు. పట్టణంలో పొయ్యిలకు కట్టెలు, బొగ్గు వచ్చేదీ ఈ అడవి నుంచే. గ్యాస్ కొనలేని ఇల్లాలిని నేను తప్పుపట్టను. వంద గదుల హోటల్‌కు ఆ మినహాయింపు ఎందుకివ్వాలి?

కెన్యాలోని బోని-దోదోరి అడవుల్లో కెమెరాలకు ఇవి బాగానే చిక్కాయి, ఇక బెంగ దేనికి అనేవారూ ఉన్నారు. సోమాలియా సరిహద్దున, సాయుధ ముఠాలు తిరిగే అడవిని నమ్ముకుని దీవిలోని జింకను వదిలేయమనడం వింతగా ఉంది.

మనవాళ్లు ఉంగుజాలోని జోజాని జాతీయ పార్కుకు వెళ్లి ఎర్ర కోలోబస్ కోతులను ఫొటోలు తీసుకుని తిరిగొస్తారు. తప్పకుండా వెళ్లాలి, అక్కడి టికెట్టు డబ్బులో చుట్టుపక్కల ఊళ్లకూ వాటా ఉంది. అయితే గది బుక్ చేసుకునే ముందు, ఆ హోటల్ ఏ అడవిని కొట్టి లేచిందో, దాని వంటగది ఏ బొగ్గు మీద నడుస్తోందో కూడా అడగాలి. మీ పర్యాటక పేజీలో హోటళ్ల అద్దెల పక్కనే ఈ రెండు వివరాలూ వేయండి. టూర్ ఏజెంట్లు ఆరా తీయక తప్పదు.

— ఒక పాఠకురాలు, దార్ ఎస్ సలాం