ఉదయం తొమ్మిదిన్నర సినిమాలు

సంపాదకులకు నమస్కారం.

చలనచిత్రోత్సవం మీద మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. ఎన్ని దేశాల సినిమాలు వచ్చాయి, ఎన్ని భాషలవి అన్న లెక్కతో మొదలై రెడ్ కార్పెట్ ఫొటోలతో ముగిసింది. లెక్కను తప్పుపట్టను, ఈసారి ఎంపిక నిజంగానే బాగుంది. తల్లి జ్ఞాపకశక్తి మెల్లగా చెరిగిపోవడాన్ని కూతురే కెమెరా పట్టి తీసిన డాక్యుమెంటరీ, ఒక్క మాటైనా లేని యానిమేషన్, మొత్తం ఒకే గదిలో నడిచే నేరకథ పక్కపక్కనే ఒక జాబితాలో కనిపించడం అరుదు. వాటిని ఎంతమంది చూడగలిగారన్నది మాత్రం మీ విలేకరి అడగలేదు.

ఆ డాక్యుమెంటరీని పనిదినం ఉదయం తొమ్మిదిన్నరకు, అన్నిటికన్నా చిన్న హాల్లో, ఒకే ఒక్కసారి వేశారు. నేను సెలవు పెట్టి వెళ్లాను. ఇరవై మందిమి ఉన్నామేమో. సరిగ్గా అదే సమయానికి పక్క హాల్లో యానిమేషన్! రెండింటికీ వచ్చేది ఇంచుమించు ఒకే ప్రేక్షకులు. వాళ్లను సగం సగం పంచేశారు. పేరున్న తారలుండి, పంపిణీదారు దొరికి, రెండు వారాల్లో ఎలాగూ థియేటర్లకు రానున్న సినిమాకేమో మూడు సాయంత్రాలు పెద్ద హాలు దక్కింది. స్టూడియో డబ్బు లేదు కాబట్టి అదీ ఇండిపెండెంట్ సినిమాయే, కాదనలేం. కానీ పంపిణీదారు లేని సినిమాకు ఉత్సవంలో పడే ఆ ఒక్క ఆటే చాలాసార్లు మొదటిదీ చివరిదీ.

పెద్ద సినిమాకు హాలు నిండితేనే చిన్నవాటి ఖర్చు గిట్టుబాటవుతుందని నిర్వాహకులు అంటారు. హాళ్ల అద్దె, స్పాన్సర్ల పట్టు తెలియనివి కావు. అయినా జనం రారని ముందే తేల్చేసి, రాలేని వేళకు ఆట పెట్టి, చివరికి రాలేదని చూపించడం ఏం న్యాయం? నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ ఉత్సవం 1972లో మొదలైనప్పుడు తొలి ప్రదర్శనకు వచ్చింది 17 మంది. దాన్ని స్థాపించిన హూబ్ బాల్స్ ఆ సంఖ్య చూసి తన అభిరుచి మార్చుకోలేదు. కొత్త దర్శకులు ఈనాటికీ ఆ ఉత్సవం వైపు ఆశగా చూస్తారు. ఆయన పేరుతో 1988లో ఏర్పడిన నిధి ఎన్నో దేశాల చిన్న సినిమాలకు చేయూతనిచ్చింది.

సినిమా తొలి ప్రదర్శన తమ దగ్గరే జరగాలన్న ప్రీమియర్ పట్టింపు ఇంకో తలనొప్పి. ఎక్కడో ముప్పై మంది ముందు ఒకసారి పడిందని మంచి సినిమాను పోటీకి పనికిరాదంటారు. ప్రేక్షకుడికి దానితో ఏం పని? టొరంటో ఉత్సవం 1976లో పుట్టిందే ‘ఫెస్టివల్ ఆఫ్ ఫెస్టివల్స్’ అన్న పేరుతో. మిగతా ఉత్సవాల్లో మెరిసినవాటిని ఏరి తేవడమే అప్పట్లో దాని పని. అందులో చిన్నతనమేమీ కనిపించలేదు వాళ్లకు.

ఎంపికలో చూపిన శ్రద్ధే టైంటేబుల్‌లోనూ చూపమని నిర్వాహకులకు నా మనవి. పంపిణీదారు లేని ప్రతి సినిమాకూ రెండు ఆటలు, వాటిలో ఒకటి సాయంత్రమో సెలవు రోజో వేయాలి. అందుకు సినిమాల సంఖ్య తగ్గించాల్సి వస్తే తగ్గించండి. కేటలాగు నాలుగు పేజీలు సన్నబడితే నష్టమేమీ లేదు.

డాక్యుమెంటరీ అయ్యాక దర్శకురాలు మాట్లాడడానికి లేచారు. తర్వాతి ఆటకు హాలు ఖాళీ చేయాలంటూ అయిదు నిమిషాల్లో ఆపించేశారు. మిగిలిన ప్రశ్నలు బయట మెట్ల మీద కూర్చుని అడిగాం. చివరి దృశ్యాన్ని తీయనా వద్దా అని తల్లినే ఎలా అడిగారో ఆమె అక్కడే చెప్పారు. గంటసేపు ఎవరూ కదల్లేదు. ఉత్సవం మొత్తంలో నాకు గుర్తుండిపోయింది అదే, మీ కథనంలో లేనిదీ అదే. వచ్చే ఏడు మీ విలేకరిని ఒక్క పూట తొమ్మిదిన్నర ఆటకు పంపండి.

ఇట్లు,
ఒక పాఠకుడు