టరాంటులాకు ప్రాణంతో ఉన్న ఎర వేసే ముందు

సంపాదకులకు నమస్కారం.

సాలెపురుగులను, తేళ్లను, బల్లులను ఇళ్లలో పెంచుకునేవారి గురించి మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన కథనాన్ని ఆసక్తితో చదివాను. టరాంటులా అనే ఒళ్లంతా నూగున్న పెద్ద సాలెపురుగు పేరు వినగానే హడలిపోయే పాఠకులకు దానిని ఓపికగా గమనించదగిన ప్రాణిగా పరిచయం చేసినందుకు సంతోషించాను. అయితే దాని ఆహారం గురించి ఆ కథనంలో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. వారానికోసారి బతికున్న పురుగులను గానీ చిన్న ఎలుకపిల్లను గానీ పెట్టెలో వదిలితే చాలునని, మిగతాది టరాంటులాయే చూసుకుంటుందని రాశారు. చాలాకాలంగా ఈ జీవులను పెంచుతున్న నన్ను ఆ వాక్యం కలవరపెట్టింది. మిగతాది టరాంటులా చూసుకోదు, పెంచేవారే చూసుకోవాలి. పైగా ఆ పెట్టెలో ఎర ప్రాణంతో ఉన్నంతసేపు వారి బాధ్యత ఒక ప్రాణికి కాదు, రెండింటికీ వర్తిస్తుంది.

టరాంటులా పూర్తిగా మాంసాహారి కాబట్టి, దానిని పెంచాలనుకున్నవారు మరికొన్ని ప్రాణుల మరణాన్ని కూడా అంగీకరించినట్టే. ఈ నిజాన్ని దాచి మాట్లాడటం నాకిష్టం లేదు. దానికి ఎనిమిది కళ్లున్నా చూపు మందం. నేలలోని ప్రకంపనలను, గాలి కదలికను కాళ్ల మీది సన్నని వెంట్రుకలతో పసిగట్టి, దగ్గరికి వచ్చినదాని మీదికి దూకుతుంది. కోరలతో విషం ఎక్కించి, జీర్ణరసాలను ఎర మీదికి వదిలి, కరిగిన మాంసాన్ని పీల్చుకుంటుంది. చివరికి ఒక చిన్న ముద్ద మాత్రమే మిగులుతుంది. ఎక్కువగా ఎర కదిలినప్పుడే ఇదంతా మొదలవుతుంది గనుక బతికున్న ఎరనే వేయాలన్న అలవాటు పెంపకందారుల్లో పాతుకుపోయింది. అలవాటు వెనక కారణం ఉన్నంత మాత్రాన ప్రతిసారీ అదే సరైనదని అనుకోకూడదు.

కొత్తగా పెంచేవారు ఊహించని మాట ఒకటుంది. బతికున్న ఎర వల్ల టరాంటులా ప్రాణానికే ముప్పు రావచ్చు. టరాంటులా ఎదగాలంటే కుబుసం విడవాలి. ఆ ఘట్టానికి వారాల ముందు నుంచి, వయసు మళ్లిన వాటిలో ఒక్కోసారి నెలల ముందు నుంచే, అది తిండి ముట్టడం మానేస్తుంది. దానికి ఆకలి లేదని గ్రహించని యజమాని, ఈ పురుగు నచ్చలేదేమో అనుకుని మరో రెండు కీచురాళ్లను లోపల వదులుతాడు. ఆ రాత్రి టరాంటులా వెల్లకిలా పడుకుని, పాత చర్మంలోంచి ఒక్కో కాలినీ బయటికి లాక్కుంటూ గంటల తరబడి కదలలేని స్థితిలో ఉంటుంది. అప్పుడు దాని ఒళ్లంతా మెత్తగా ఉంటుంది. కోరలు కూడా తెల్లగా, మెత్తగా ఉండి, తర్వాత ఎర్రబడి, చివరికి నల్లగా గట్టిపడే వరకు దేనినీ కరవలేవు. నీరూ తిండీ దొరకక అదే పెట్టెలో తిరుగుతున్న కీచురాయికి ఆ మెత్తని కాళ్లే ఆహారమవుతాయి. కీచురాయి కొరికిన చోటి నుంచి ద్రవం కారిపోయి, పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో బతకవలసిన ఆడ టరాంటులా తెల్లవారేసరికి చనిపోయిన సందర్భాలు పెంపకందారులకు కొత్త కాదు. అది వేటగాడి పెట్టె అయినా ఆ రాత్రి వేటాడేది కీచురాయే.

ఎరగా వేసే మీల్‌వర్మ్‌లు అనే పెంకుపురుగు లార్వాలు, వాటికంటే పెద్దవైన సూపర్‌వర్మ్‌ల సంగతీ దాదాపు ఇంతే. అవి క్షణాల్లో మట్టిలోకి దూరి కనబడకుండా పోతాయి. తినేసిందనుకుని యజమాని మూత వేసేస్తాడు. సూపర్‌వర్మ్ దవడలు బలమైనవి. అది మట్టిలో ఎన్నాళ్లు దాక్కుంటుందో, ఎప్పుడు పైకి వస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకే వేసిన ఎరను ఒక రోజులోపు టరాంటులా ముట్టకపోతే తీసేయాలన్నది తప్పనిసరి నియమం. కుబుసం విడిచాక పిల్లలకైతే కొన్ని రోజులు, పెద్దవాటికైతే పది రోజుల నుంచి రెండు వారాల వరకు, కోరలు నల్లబడ్డాయని కంటితో చూసి నిర్ధారించుకున్న తర్వాతే ఆహారం ఇవ్వాలి. ఈలోగా పెట్టెలో ఉండవలసింది మంచినీటి గిన్నె మాత్రమే.

ఎలుకపిల్లల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బతికున్న ఎలుకను టరాంటులాకు వేయడానికి సమర్థన ఏదీ లేదు. ఎలుక బాధను అనుభవిస్తుందనడంలో ఎవరికీ సందేహం లేదు. టరాంటులా విషం దానిని తక్షణం చంపదు కాబట్టి, తప్పించుకునే దారి లేని పెట్టెలో అది భయంతో, నొప్పితో పెనుగులాడుతుంది. కళ్లు తెరిచిన ఎలుక తిరగబడి కరిస్తే టరాంటులా కాలో పొట్టో చిరిగిపోతుంది. తినడం ముగిశాక మిగిలే బొచ్చు, ఎముకలు, పేగులు ఆ తేమలో కుళ్లి బూజుకు, మైట్లనే అతిచిన్న జీవులకు, చిన్న ఈగలకు నిలయమవుతాయి. ఇన్ని చిక్కులు తెచ్చే ఈ ఆహారం టరాంటులాకు అవసరమా అంటే, అదీ కాదు. పురుగులు మాత్రమే తిని నిండు జీవితం గడిపే టరాంటులాలు లెక్కలేనన్ని ఉన్నాయి. హమ్మింగ్‌బర్డ్‌ను తింటున్న పెద్ద సాలెపురుగు బొమ్మను ప్రకృతి చిత్రకారిణి మరియా సిబిల్లా మేరియన్ 1705లో ప్రచురించినప్పటి నుంచి ఈ జీవి పక్షులనూ ఎలుకలనూ మింగేస్తుందన్న ఊహ జనంలో నిలిచిపోయింది. కానీ దక్షిణ అమెరికాలోని అతిపెద్ద టరాంటులా కూడా అడవిలో ఎక్కువగా వానపాములు, పురుగులు, కప్పల వంటి వాటితోనే కడుపు నింపుకుంటుంది.

ఇక పురుగుల వద్దకు వస్తాను. ఇక్కడ తీర్పు అంత తేలిక కాదు, తేలికన్నట్టు రాయడం నాకు సాధ్యం కాదు. పురుగుకు నొప్పి తెలుస్తుందా అన్న ప్రశ్నను ఒకప్పుడు నవ్వి వదిలేసేవారు. ఇప్పుడు అలా వదిలేయలేం. తుమ్మెద జాతికి చెందిన బంబుల్‌బీలు తీపి ఎంత లభిస్తుందో చూసుకుని వేడిని ఎంతవరకు భరించాలో మార్చుకుంటాయని 2022లో పరిశోధకులు చూపించారు. అంటే అది యాంత్రికంగా వెనక్కి లాక్కోవడం కాదు, లాభాన్నీ బాధనూ తూచుకోవడం వంటిదే. 2024 ఏప్రిల్‌లో పలువురు శాస్త్రవేత్తలు, తత్వవేత్తలు సంతకం చేసిన న్యూయార్క్ ప్రకటన, కీటకాలతో సహా అనేక వెన్నెముక లేని జీవులకు చైతన్యానుభవం ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమని చెప్పింది. బ్రిటన్ 2022లో చేసిన చట్టం పీతలను, ఆక్టోపస్‌లను బాధ ఎరిగిన జీవులుగా గుర్తించింది, కీటకాలను ఇంకా చేర్చలేదు. ఇది రుజువైన విషయమని నేను అనడం లేదు. అయితే సందేహం ఇంత బలంగా ఉన్నప్పుడు, మనకు పెద్దగా ఖర్చు కాని జాగ్రత్తను కూడా పాటించకపోవడం అన్యాయం.

ఆ జాగ్రత్త లెక్కతో మొదలవుతుంది. వారానికి ఒక్క కీచురాయి చొప్పున వేసినా ఇరవయ్యేళ్లు బతికే ఆడ టరాంటులాకు వెయ్యికి పైగా ప్రాణులు ఆహారమవుతాయి. నెమ్మదిగా ఎదిగే జాతుల్లో పూర్తిగా ఎదిగిన టరాంటులాకు వారానికోసారి అవసరమే లేదు. రెండు వారాలకోసారి తగిన పరిమాణంలో ఒక పురుగు దొరికితే అది ఆరోగ్యంగా ఉంటుంది. చిలీ రోజ్ వంటి జాతులైతే నెలల తరబడి తమంత తామే ఉపవాసం ఉంటాయి. మనం ముచ్చట కోసం ఎక్కువ తినిపిస్తే పొట్ట ఉబ్బి, కొద్ది ఎత్తు నుంచి పడినా పగిలి చనిపోయే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి అవసరమైనంతే పెట్టడం టరాంటులాకూ మేలు, చావవలసిన పురుగుల సంఖ్యనూ సగానికి తగ్గిస్తుంది. ఇంత సులభమైన మేలు ఈ మొత్తం వ్యవహారంలో మరొకటి నాకు కనిపించలేదు.

ఎరగా మారే లోపు ఆ పురుగు ఎలా బతికిందన్నది కూడా పట్టించుకోవలసిన విషయమే, కానీ దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఇరుకు డబ్బాలో తిండి, తడి లేకుండా కుక్కిన కీచురాళ్లు ఒకదానినొకటి తింటాయి. వాటికి దాక్కునేందుకు చోటు, నమలడానికి కూరగాయ ముక్క, కాస్త తడి కల్పించడం పెద్ద పని కాదు. బాగా తిన్న పురుగే టరాంటులాకు మంచి ఆహారం కూడా. ఖర్చు కలిసివస్తుందని పెరట్లోనో పొలంలోనో పట్టిన మిడతలను వేయడం మాత్రం ప్రమాదకరం. వాటి ఒంట్లో పురుగుమందు అవశేషాలు ఉండవచ్చు, పరాన్నజీవులు ఉండవచ్చు. టరాంటులా నోటి భాగాల్లో చేరే ఒక నులిపురుగు జాతిని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రివర్‌సైడ్ ప్రాంగణంలోని పరిశోధకులు 2022లో వర్ణించారు. అది సోకిన టరాంటులా నోటి దగ్గర తెల్లని స్రావం కనిపిస్తుంది, కోరలకు తోడుగా పనిచేసే అవయవాలు పట్టు తప్పుతాయి, చివరికి అది తినలేక నెలల మీద మాడి చనిపోతుంది. ఆహారపు శుభ్రతను చాదస్తమని తీసిపారేసేవారు ఆ చావును ఒక్కసారి ఊహించుకోవాలి.

ప్రకృతిలో జరిగేదే పెట్టెలోనూ జరుగుతోంది కదా, ఇందులో తప్పేముంది అని చాలామంది అడుగుతారు. ఆ ప్రశ్నను నేను చులకన చేయను. కానీ ప్రకృతిలో కీచురాయికి పారిపోవడానికి మైదానమంతా ఉంటుంది, టరాంటులా కూడా చాలాసార్లు ఆకలితోనే కలుగులోకి వెనుదిరుగుతుంది. మన గాజుపెట్టెలో ఆ రెండూ లేవు. ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అన్నవన్నీ నిర్ణయించేది మనిషి కాబట్టి, ఫలితానికి బాధ్యతను ప్రకృతి మీదికి నెట్టడం కుదరదు. వేట లేకపోతే టరాంటులా విసిగిపోతుందన్న వాదన కూడా విన్నాను. కలుగు ముఖద్వారం దగ్గర రోజుల తరబడి కదలకుండా కూర్చుని ఎదురుచూసే ప్రాణికి పులికి ఉండేటటువంటి వేట తహతహను ఆపాదించడం సరికాదని నా అభిప్రాయం.

చంపిన ఎరను టరాంటులా ముట్టదన్నది సగం నిజం మాత్రమే. గింజంత పిల్లలకు కీచురాయి కాలో, ముక్కో వేసి పెంచడం పెంపకందారుల్లో మామూలే, అవి దాని మీద ఎక్కి నిశ్చింతగా తింటాయి. పెద్దవాటిలోనూ చాలావరకు, అప్పుడే చంపిన పురుగును సాయంత్రం చీకటి పడ్డాక కలుగు దగ్గర ఉంచితే తీసుకుంటాయి. తలను ఒక్కసారిగా నలిపేసిన పురుగు కాళ్లు కాసేపు అదురుతాయి, ఆ అదురే టరాంటులాను రప్పించడానికి సరిపోతుంది. ఇలా ఎరకు చావు త్వరగా ముగుస్తుంది, కుబుసం విడుస్తున్న టరాంటులాను కొరికేవారూ ఉండరు. తెల్లారాక మిగిలినదాన్ని తీసేయడం మాత్రం మరవకూడదు, ఎందుకంటే చచ్చిన పురుగు త్వరగా బూజు పడుతుంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా చచ్చినదాన్ని ముట్టని టరాంటులాలు కూడా ఉంటాయి. వాటికి బతికున్న పురుగును వేయడాన్ని నేను తప్పుపట్టను. పొట్ట పొడవును మించని పురుగును, ఒకసారికి ఒక్కదాన్నే వేసి, అది ముగిసే వరకు దగ్గరుండి, ముట్టకపోతే తీసేయమని మాత్రమే కోరతాను.

తీసేటప్పుడు చేతులు లోపల పెట్టకూడదు, పొడవాటి పట్టుకారు వాడాలి. అమెరికా ఖండాల టరాంటులాలు బెదిరితే పొట్ట మీది దురద నూగును కాళ్లతో గాలిలోకి విసురుతాయి. పెట్టె శుభ్రం చేస్తుండగా తన చిలీ రోజ్ విసిరిన నూగు కంటి పొరలో గుచ్చుకుని, వారాల తరబడి ఎర్రబడిన కంటితో బాధపడిన ఒక వ్యక్తి ఉదంతాన్ని బ్రిటన్‌లోని లీడ్స్ వైద్యులు లాన్సెట్ వైద్య పత్రికలో నమోదు చేశారు. ఆసియా, ఆఫ్రికా జాతులకు ఆ నూగు లేదు గానీ వాటి కాటు మరింత తీవ్రంగా ఉంటుంది.

అన్నిటికంటే నన్ను బాధించేది వినోదం కోసం జరిగే మేత. టరాంటులా ముందు తేలునో, ఎలుకనో, పెద్ద జెర్రినో వదిలి, ఎవరు గెలుస్తారో చూడండి అంటూ వీడియోలు తీసేవారు పెరిగిపోయారు. అక్కడ ఆకలి తీర్చడం అసలు ఉద్దేశమే కాదు. కేవలం వినోదం కోసం ఒక ప్రాణిని బంధించి మరో ప్రాణికి ఎరగా చేయడాన్ని భారతదేశపు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం క్రూరత్వంగానే పేర్కొంది. ఆ చట్టంలో జంతువు అంటే మనిషి తప్ప ప్రాణమున్న ప్రతి జీవీ. ఆహారానికీ ఆటకూ మధ్య అక్కడ గీసిన గీతే నా దృష్టిలో కూడా సరైనది. ఏ దేశంలో ఏ చట్టం ఉన్నా, లేకపోయినా, పెంచేవారు ఆ గీత దాటకూడదు.

ఈ లేఖ టరాంటులాలను పెంచవద్దని చెప్పడానికి రాయలేదు. ఆ జీవిని ప్రేమించేవారే ఎర గురించి మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారన్న ఆవేదనతో రాశాను. మీ కథనం చదివి టరాంటులాను తెచ్చుకోవాలనుకునే పాఠకులు తప్పకుండా ఉంటారు. వారి కోసం రెండు సవరణలు మీ పత్రికలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఒకటి, బతికున్న ఎలుకపిల్లను వేయమన్న సలహాను వెనక్కి తీసుకోవడం. రెండవది, కుబుసం విడిచే రోజుల్లో పెట్టెలో ఏ పురుగునూ ఉంచరాదన్న హెచ్చరికను చేర్చడం. ముందు ముందు ఇటువంటి కథనాలు వేసేటప్పుడు, ఎరను పట్టుకున్న క్షణపు ఫొటోకు బదులు టరాంటులా తన కలుగులో ప్రశాంతంగా కూర్చున్న ఫొటోను ఎంచుకోగలరేమో కూడా దయచేసి ఆలోచించగలరు.

భవదీయురాలు,
మీ పత్రిక పాఠకురాలు