పాత షెడ్డులో పుట్టిన కొత్త పరిశ్రమకు గుర్తింపు లేదా?

గౌరవనీయులైన రాష్ట్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

ప్రకాశం జిల్లా చీమకుర్తి ప్రాంతంలో ఒక చిన్న గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ నడుపుతున్న వ్యక్తిగా ఈ లేఖ రాస్తున్నాను. ప్రతి ఇంటి నుంచీ ఒక పారిశ్రామికవేత్త రావాలని మీ ప్రభుత్వం అంటోంది. ఆ మాట నాకూ నచ్చింది. అయితే అలాంటి ఒకాయన నా షెడ్డులోనే తయారై, నిలబడలేక వెళ్లిపోయిన వైనాన్ని మీ దృష్టికి తేవాలనుకుంటున్నాను.

పాలిషింగ్ మెషిన్ మీద మా దగ్గర పన్నెండేళ్లు పనిచేసిన ఆపరేటర్ ఆయన. గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ బ్లాకును స్లాబులుగా కోసి అంచులు సరిచేయగా మిగిలే ముక్కలు మాకు చెత్త కింద లెక్క. ట్రాక్టరుకు బాడుగ ఇచ్చి మరీ డంపుకు తోలించేవాళ్లం. ఒక నైట్ షిఫ్టులో మెషిన్ ఖాళీగా ఉంటే ఆయన ఒక ముక్కను గుండ్రంగా కోసి చపాతీ పీట చేశారు, ఇంకొకదాన్ని తొలిచి అల్లం, మిరియాలు దంచుకునే చిన్న కల్వం చేశారు. నల్లరాతిలో బంగారు నలుసుల్లా కనిపించే బ్రాంజైట్ చుక్కలు ఆ కల్వం అంచు చుట్టూ మెరుస్తుంటే, స్లాబుల బేరానికి వచ్చిన బెంగళూరు వ్యాపారి బేరం పక్కన పెట్టి దాన్నే అటూ ఇటూ తిప్పి చూసి, ఇలాంటివి రెండు వందలు ఇవ్వగలరా అని అడిగారు. అంతకు ముందు రోజే నేను మెషిన్ టైము వృథా చేశావని ఆపరేటర్‌ను కోప్పడి ఉన్నాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదనుకునే బుద్ధి మా యజమానులకు బాగా ఎక్కువ. పని నేర్చినవాడు రేపు ఎదురుగా షెడ్డు వేస్తాడేమోనన్న భయం అంతకన్నా ఎక్కువ.

తప్పు తెలుసుకుని, లాభంలో ఆయనకు వాటా ఇస్తూ ఆ పనిని వేరుగా నడుపుదామని నిర్ణయించుకున్నాను. రాతిని గుండ్రంగా తొలిచే చిన్న యంత్రం ఒకటి కావాలి. అప్పు కోసం బ్యాంకుకు వెళితే, పథకాలన్నీ కొత్త యూనిట్లకేనని, కావాలంటే ఆపరేటర్ పేరు మీద వేరే చోట యూనిట్ పెట్టించమని సలహా ఇచ్చారు. వేరే చోట అంటే వేరే షెడ్డు, వేరే కరెంటు కనెక్షను, రాళ్లు మోయడానికి మళ్లీ బాడుగ. రాయి ఉన్నది నా దగ్గర, నీళ్లు ఉన్నవి నా దగ్గర, కొనేవాళ్లు వచ్చేదీ నా దగ్గరికే. ఆరు నెలలు తిరిగి విసిగిపోయి ఆయన హైదరాబాదులో కిచెన్ ప్లాట్‌ఫారాలు బిగించే పనికి వెళ్లిపోయారు.

ఆ బ్యాంకు అధికారిని తప్పుపట్టడం లేదు, నిబంధనలే అలా ఉన్నాయి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో తొలి రుణం కొత్త యూనిట్లకే. రెండో రుణం ఉన్నా, అది ఆ పథకం కిందనో ముద్ర కిందనో ఇదివరకే రుణం తీసుకున్న యూనిట్ల విస్తరణకు మాత్రమే. కేంద్రం 2016లో మొదలుపెట్టిన స్టార్టప్ ఇండియాలో, ఉన్న వ్యాపారాన్ని విడగొట్టిగానీ పునర్వ్యవస్థీకరించిగానీ ఏర్పరచిన సంస్థ స్టార్టప్ కాదని నిర్వచనంలోనే రాసి ఉంది. చిన్న, మధ్యతరహా పరిశ్రమల నమోదుకు 2020 జులై నుంచి అమల్లో ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషనులో ఒక సంస్థకు ఒకటే నంబరు; ఎన్ని కొత్త పనులు మొదలుపెట్టినా అవి ఆ నంబరు కిందే చేరతాయి. అందుచేత మా కల్వాల పని ఏ లెక్కలోనూ కొత్త పరిశ్రమ కాలేదు.

ఈ నిబంధనలు ఎందుకు పెట్టారో తెలియక కాదు. పాత మెషిన్‌కు కొత్త రంగు వేసి, భార్య పేరున కంపెనీ తెరిచి రాయితీలు కాజేసేవారిని ఆపాలి కదా. కానీ ఆ కట్టుదిట్టంలో నిజంగా కొత్త సరుకు తయారుచేసేవారు కూడా బయటే నిలబడుతున్నారు.

మా పక్కనున్న మార్కాపురాన్ని చూడండి. బడిపిల్లల చేతుల్లోంచి రాతిపలక జారిపోయాక, పలకల వ్యాపారులు అదే రాతిని నేలకు, గోడలకు అతికించే డిజైన్ పలకలుగా కోసి విదేశాలకు పంపడం నేర్చుకున్నారు. పొరుగు రాష్ట్రానికి వెళితే, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థతో కలిసి టాటాలు 1984లో పెట్టిన టైటాన్ మొదట చేసింది గడియారాలే. 1990ల మధ్యలో ఆ కంపెనీ లోపలే తనిష్క్ పేరుతో నగల విభాగం పుట్టింది, నేడు ఆదాయంలో సింహభాగం నగలదే. పెద్ద కంపెనీ కాబట్టి నష్టాలొచ్చిన తొలి ఏళ్లు ఓర్చుకోగలిగింది. పదిహేను మంది పనివాళ్లున్న మాలాంటి ఫ్యాక్టరీకి ఆ ఓపిక ఎక్కడిది?

అందుకే నా అభ్యర్థన. ఉన్న సంస్థలోనే పుట్టిన కొత్త యూనిట్‌ను గుర్తించే అధికారం ఒంగోలులోని జిల్లా పరిశ్రమల కేంద్రానికి ఇవ్వండి. అప్పటివరకు ఆ సంస్థ చేయని సరుకై ఉండాలని, లెక్కల పుస్తకాలు వేరుగా ఉండాలని, ఆలోచన ఇచ్చిన ఉద్యోగికి రిజిస్టరైన ఒప్పందం ద్వారా వాటా ఉండాలని షరతులు పెట్టండి. ఈ మూడో షరతును ఏ ఒత్తిడికీ సడలించవద్దు. అది లేకపోతే రాయితీ నాలాంటివారి జేబులోకి, ఆలోచన చెప్పినవాడు హైదరాబాదుకూ పోతారు. ఈ షరతులకు నిలిచిన యూనిట్‌కు, కేంద్ర పథకాల సంగతి ఎలా ఉన్నా, రాష్ట్ర పెట్టుబడి రాయితీనైనా కొత్త పరిశ్రమతో సమానంగా ఇప్పించండి.

నియోజకవర్గానికొకటి చొప్పున ప్రతిపాదించిన ఎంఎస్‌ఎంఈ పార్కుల్లో ఒక షెడ్డును ప్రయోగాలకు కేటాయించి, రాయి తొలిచే యంత్రంలాంటివి గంటల లెక్కన అద్దెకిస్తే ఇంకా మేలు. కొత్త ఆలోచనలకు ఊతమిచ్చే రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మంగళగిరిలో ఉన్నందుకు సంతోషమే గాని, రాత్రి పదింటికి షిఫ్టు దిగే ఆపరేటర్ వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి అక్కడికి ఎలా వెళ్లగలడు?

ఆ కల్వం ఇప్పుడు నా బల్ల మీద ఉంది, అందులో గుండుసూదులు వేసుకుంటున్నాను. ఈ జిల్లాకు వచ్చినప్పుడు ఒక గంట కేటాయిస్తే దాన్ని, దాని వెనకాల గుట్టగా పడి ఉన్న ముక్కరాళ్లను మీకు చూపిస్తాను. ఆయనతో ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాను. వాటా కాగితం మీద పెడితే తిరిగి వస్తానన్నారు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పాలిషింగ్ ఫ్యాక్టరీ యజమాని,
చీమకుర్తి