అండమాన్ సేవకు పెద్దల్ని పంపేముందు

సంపాదకులకు నమస్కారం.

రిటైరయ్యాక అండమాన్ దీవుల్లో క్రైస్తవ పరిచర్యకు వెళ్తున్న వృద్ధ దంపతుల గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం చదివాం. వాళ్ల త్యాగం గురించి బాగా రాశారు గానీ, అక్కడ వాళ్లకు రోజు ఎలా గడుస్తుందో అందులో లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి బతుకుతెరువుకు వెళ్లి, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల మధ్య తెలుగు ఆరాధన, సండే స్కూలు నడపడానికి, మంచాన పడ్డవాళ్లను చూసి రావడానికి మన సంఘాలు పెద్దల్ని పంపుతుంటాయి. ఈ ఏర్పాట్లు చూసే సంఘస్తులుగా మేం చెప్పేది ఒక్కటే. అరవై దాటిన ఇద్దరికి అక్కడ సగం రోజు నీళ్లు, వంట, మందులకే పోతుంది. దాన్నీ సేవలోనే లెక్కేసి, అందుకు తగ్గట్టు సిద్ధం చేసి పంపాలి. దండలు వేసి, ప్రార్థన చేసి ఓడ ఎక్కించేస్తే సరిపోదు.

అక్కడా మన గడియారమే, పొద్దు మాత్రం వేరు. దీవులు బాగా తూర్పున ఉండటంతో ఎండాకాలంలో ఉదయం 5 కాకముందే వెలుగొస్తుంది, నవంబరు నెలాఖరుకి సాయంత్రం 5కే పొద్దు గూకుతుంది. అందుకని ఇళ్ల సందర్శన పొద్దున్న 6 నుంచి 9 లోపు, మళ్లీ 3 దాటాక పెట్టుకోవాలి. ఇక్కడి అలవాటుకొద్దీ రాత్రి 7కి కూడిక పెడితే, అది ముగిశాక తడి మెట్లు, ఏటవాలు రోడ్ల మీద టార్చిలైటుతో ఇల్లు చేరాలి. ఊరంతా ఎత్తుపల్లాలే. పెద్దవాళ్లు జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకునేది ఇలాంటప్పుడే. అరిగిన చెప్పులు ఇక్కడే వదిలేసి, వెనక పట్టీ ఉన్న కొత్త జత కొనుక్కోవాలి.

మన దగ్గర ఏడాదికి 1,100 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడితే అక్కడ సుమారు 3,000 పడుతుంది. మే నుంచి డిసెంబరు దాకా తడుస్తూనే ఉంటుంది. అయినా వేసవిలో కుళాయికి కటకటే. పోర్ట్ బ్లెయిర్‌కి ముఖ్యంగా ధనికారి డ్యామే ఆధారం, అందులో నీరు తగ్గితే కుళాయి రోజు విడిచి రోజు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వస్తుంది. కాబట్టి అద్దె ఇంట్లో గదులకన్నా ముందు ట్యాంకు చూడాలి. ఇద్దరికి రోజుకు 100 లీటర్లు పొదుపుగా సరిపోతాయి, 500 లీటర్ల నిల్వ తప్పనిసరి. రేకుల ఇల్లయితే వాననీళ్లు పట్టుకోవచ్చు. 40 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన అంటే లెక్కకు 400 లీటర్లు, వృథా పోను 300 పైనే చేతికొస్తాయి. వాన విరామం తర్వాత మొదటి 80 లీటర్లు మాత్రం వదిలేయాలి. రేకు మీది పక్షి రెట్టలు, ఎలుకల పెంట అందులోనే కొట్టుకొస్తాయి. ట్యాంకు మూతకీ, పొర్లు గొట్టానికీ సన్నటి జాలీ కట్టకపోతే పది రోజుల్లో దోమలే. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు కలిపి గంట ఆగి వాడాలి. తెరిచిన పొట్లానికి ఆ తేమలో బలం పోతుంది, అందుకే చిన్న పొట్లాలు కొనాలి. తాగే నీళ్లు తెర్లాక ఒక నిమిషం మరగనివ్వాలి. బిందె నిండా మోయకుండా సగం సగం మోసుకోమని అమ్మగార్లకు గట్టిగా చెప్పి పంపండి.

షుగరు ఉన్నవాళ్ల విషయంలో పొరపాటు ఎక్కువగా జరుగుతోంది. కరెంటు లేకపోతే ఇన్సులిన్‌ను తడి ఇసుకలో మట్టి కుండ పెట్టి అందులో ఉంచడం మన దగ్గర అలవాటు. పొడి గాలికి కుండ మీది తడి ఆవిరవుతుంది కనుక లోపల చల్లబడుతుంది. దీవిలో గాలిలో తేమ 80 శాతం దాకా ఉంటుంది, తడి సరిగ్గా ఆవిరి కాదు, కుండ అంతగా చల్లబడదు. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లోనే ఉండాలి, ఐసుకు తగలకూడదు. ఒకసారి గడ్డకట్టినది కరిగినా పారేయాల్సిందే. తెరిచిన సీసా మామూలుగా నాలుగు వారాలు బయట ఉంచవచ్చు, కానీ 30 డిగ్రీలు దాటకూడదు. మధ్యాహ్నం రేకుల ఇల్లు ఆ హద్దు దాటుతుంది. షుగరు పరీక్ష స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే పెట్టకపోతే తేమకు పాడై తప్పు రీడింగు వస్తుంది, దాన్ని నమ్మి డోసు మారిస్తే ప్రాణం మీదికొస్తుంది. వినికిడి యంత్రాన్ని రాత్రిపూట బ్యాటరీ తీసి సిలికా జెల్ వేసిన డబ్బాలో ఉంచాలి.

ఉద్దానం సంఘాలకు ప్రత్యేకంగా ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస వైపు కిడ్నీ జబ్బు షుగరు, బీపీ లేనివాళ్లలో కూడా వస్తోంది, ముదిరేదాకా తెలియదు. బయల్దేరే ముందు కిడ్నీ పనితీరు చెప్పే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు, అక్కడికి వెళ్లాక మూడు నెలలకోసారి మళ్లీ చేయించాలి. చెమట ఎక్కువ పోయే చోట మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ మింగితే కిడ్నీకి రెండింతల దెబ్బ. అక్కడ ఏ ఇంటికి వెళ్లినా ప్రేమగా కొబ్బరి బొండం కొట్టిస్తారు. అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు అది గుండె లయను తప్పించగలదు, కాబట్టి మర్యాదగా వద్దనాలి. పాదాలకు పుండ్లు, పగుళ్లు ఉంటే బురద నీళ్లలో దిగకూడదు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) అండమాన్‌లో మామూలే. జ్వరంతోపాటు పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పెద్దాసుపత్రి అంటే పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రే. లిటిల్ అండమాన్ దీవిలోని హట్ బే అక్కడికి సముద్రం మీద వంద కిలోమీటర్ల పైనే, సముద్రం కల్లోలంగా ఉంటే పడవలు ఆగిపోతాయి. గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్లను బయటి దీవులకు పంపొద్దని మా అభిప్రాయం. మందులు నాలుగు నెలలకు సరిపడా రెండు వేర్వేరు సంచుల్లో సర్దాలి. విశాఖ నుంచి ఓడ ప్రయాణం రెండున్నర, మూడు రోజులు. వాంతుల మాత్రల్లో కొన్ని ప్రొస్టేటు వాపు ఉన్న మగవాళ్లకు మూత్రం బిగబడేలా చేస్తాయి, డాక్టర్ని అడిగే వేసుకోవాలి. రైల్వే, కేంద్ర పింఛనుదార్లు నవంబరులో జీవన్ ప్రమాణ్ (బతికే ఉన్నామని ఆన్‌లైన్‌లో ఇచ్చే ధ్రువపత్రం) మరిచిపోకూడదు. వేలిముద్ర పడకపోతే ఫోన్లో ముఖం చూపించి కూడా చేయవచ్చు, ఆ పద్ధతి ఇక్కడే నేర్పి పంపండి.

జారవా, సెంటినలీ అనే ఆదివాసీ ప్రజల రక్షిత ప్రాంతాల జోలికి ఏ ఉత్సాహంతోనూ వెళ్లకూడదు. 1956 నుంచి చట్టం నిషేధిస్తోంది. 2018 నవంబరులో సెంటినలీలు ఉండే ఉత్తర సెంటినల్ దీవికి వెళ్లిన అమెరికా యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. అంతకన్నా ముఖ్యం, మన జలుబు, తట్టు లాంటివి తట్టుకునే శక్తి వాళ్ల శరీరాలకు లేదు. మన రాక వాళ్లకే మృత్యువు కావచ్చు.

పంపే సంఘాలు నెలకు ఎన్ని ఇళ్లు తిరిగారని లెక్క అడగడం మానాలి. దాని బదులు క్రియాటినిన్ ఎంత, ట్యాంకులో నీళ్లున్నాయా, మందులు ఎన్నాళ్లకు సరిపోతాయి అని ప్రతి పదిహేను రోజులకు ఒకరు ఫోన్ చేసి అడగాలి. ఆ ఫోన్ చేసే మనిషి ఎవరో ఓడ కదలకముందే తేల్చండి.

ఇట్లు,
సంఘ పెద్దలు, స్త్రీల సమాజం సభ్యులు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా