మెక్‌రిచీ అడవి బాటలు: మన పరుగుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చుల పట్టీ కోశాధికారి విడిగా పంపారు కాబట్టి దాని జోలికి పోవడం లేదు. ఈ నివేదికంతా బాట గురించే. ఏడాది పొడుగునా ఆదివారం పరుగుల్లో ఏం మార్చాం, ఎందుకు మార్చాం, ఇంకా ఏం కుదరలేదు అన్నది కొత్తగా చేరినవారికి కూడా అర్థమయ్యేలా రాస్తున్నాం.

ముందుగా స్థలం సంగతి. మనం పరుగెత్తేది సింగపూర్ నడిబొడ్డున 2,000 హెక్టార్లకు పైగా ఉన్న సెంట్రల్ క్యాచ్‌మెంట్ నేచర్ రిజర్వ్‌లో. మెక్‌రిచీ, లోయర్ పియర్స్, అప్పర్ పియర్స్, అప్పర్ సెలెటార్ జలాశయాలు నాలుగూ ఈ అడవిలోనివే. మెక్‌రిచీ 1868లో పూర్తయింది, అన్నిటికన్నా పాతది. పెద్దది చేసే పనులు చూసిన ఇంజనీరు జేమ్స్ మెక్‌రిచీ పేరు దానికి 1922లో వచ్చింది. అది తాగునీటి చెరువు. ఎంత ఉక్కపోసినా అందులో దిగకూడదు, కాళ్ళు కడుక్కోకూడదు.

దిక్కు మార్చాం

ఈ ఏడాది తీసుకున్న పెద్ద నిర్ణయం ఇదే. చెరువు చుట్టూ లూప్ దాదాపు 11 కిలోమీటర్లు. ఇంతకుముందు అమెనిటీస్ సెంటర్ (సౌకర్యాల భవనం) దగ్గర బయల్దేరి లార్నీ ట్రయల్ మీదుగా ప్రదక్షిణంగా వెళ్ళేవాళ్ళం. లార్నీ వెడల్పాటి బాట, కంకర పరిచి ఉంటుంది, కాలు దానంతటదే సాగుతుంది. మొదటి మూడు కిలోమీటర్లూ అందరూ రోడ్డు వేగంతో లాగించేవారు. తీరా ఆఖర్న మెక్‌రిచీ నేచర్ ట్రయల్‌లో ఎత్తుపల్లాలు, రాళ్ళు, చెట్ల వేళ్ళు వచ్చేసరికి తొడల్లో సత్తువ ఉండేది కాదు. అలసిన కాలు నేలకు రెండు వేళ్ళ ఎత్తున మాత్రమే లేస్తుంది. చెట్టు వేరు మూడు వేళ్ళ ఎత్తు ఉంటుంది. చీలమండలు బెణికేది అక్కడే.

అందుకే ఇప్పుడు అప్రదక్షిణంగా వెళ్తున్నాం. గుడికైతే తప్పుగానీ చెరువుకు తప్పు లేదు. ముందు నేచర్ ట్రయల్, తర్వాత రేంజర్ స్టేషన్, అక్కణ్ణుంచి రైఫిల్ రేంజ్ లింక్ అనే బాట, గోల్ఫ్ కోర్సు పక్కగా జెలుటాంగ్ టవర్, చివరికి లార్నీ. కష్టమైన నేల కాళ్ళు తాజాగా ఉన్నప్పుడే అయిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. లార్నీ ట్రయల్ రోడ్డు వెంబడే సాగుతుంది కాబట్టి ఆఖర్న ఎవరికైనా నీరసం వస్తే బయటపడటం తేలిక. మధ్యలో వదిలేయడం కష్టమైనది రైఫిల్ రేంజ్ లింక్ దాటాక వచ్చే భాగం. ఒంట్లో బాగోలేదని అనుమానం ఉంటే రేంజర్ స్టేషన్ దగ్గరే ఆగి, వీనస్ డ్రైవ్ వైపు వెళ్ళిపోండి.

వేలాడే వంతెన ట్రీటాప్ వాక్‌ను దారిలోంచి పూర్తిగా తీసేశాం. 250 మీటర్ల పొడవు, ఒకవైపే నడక, సోమవారం సెలవు, మనం బయల్దేరే వేళకు తెరవనే తెరవరు. చూడాల్సిన వంతెనే, పరుగెత్తాల్సింది కాదు. పిల్లలతో తీరిగ్గా వెళ్ళండి.

కిలోమీటర్లు కాదు, నిమిషాలు

వాట్సాప్ గ్రూపులో వేగం, అంటే కిలోమీటరుకు ఎన్ని నిమిషాలన్నది పెట్టడం ఆపేశాం. కొందరు నొచ్చుకున్నారు. కారణం చెప్తాం. గుబురు చెట్ల కింద జీపీఎస్ సరిగా అందదు. పైగా చాలా వాచీలు బ్యాటరీ ఆదా కోసం కొన్ని సెకన్లకోసారి చుక్క పెట్టి, చుక్కకూ చుక్కకూ మధ్య నిటారు గీత గీస్తాయి. మెలికలు తిరిగే బాటలో ఆ గీతలు మలుపుల్ని కోసేస్తాయి, దూరం తగ్గి కనిపిస్తుంది, వేగం కూడా తక్కువ చూపిస్తుంది. మనిషి వాచీని చూసి ఇంకాస్త తొందరపడతాడు. సెట్టింగుల్లో రికార్డింగును 'ప్రతి సెకను'కు మార్చుకుంటే కొంత నయం. మా లెక్కలో ఈ 11 కిలోమీటర్ల శ్రమ రోడ్డు మీద 15కి సమానం. హాఫ్ మారథాన్‌కు సిద్ధమయ్యేవారు వారం పట్టికలో అలాగే రాసుకోవాలి.

బయల్దేరే వేళ 7:15గా స్థిరపరిచాం. రిజర్వ్ బాటలు ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఏడు వరకే. సూర్యోదయం కూడా ఏడాదంతా ఏడు చుట్టూరానే కాబట్టి ఏడింటికి చెట్ల కింద ఇంకా మసక మసగ్గానే ఉంటుంది. ఆ పావుగంటలో లేసులు సరిచూసుకోండి.

వేళ్ళు, చెక్క బాటలు, బూట్లు

తడి వేరు మీద ఏ బూటూ ఆగదు. వేరు పైపొర మీద కంటికి కనబడని పాకుడు ఉంటుంది. అడుగున నాలుగు మిల్లీమీటర్ల పళ్ళున్నా దిగడానికి అక్కడ మట్టి లేదు. కాబట్టి వేరు మీద కాలు వేయకండి, దాటి వేయండి. దాటలేనంత దగ్గర దగ్గరగా ఉంటే నడవండి. నడిచినందుకు ఎవరూ ఏమీ అనరు. ఎర్రమట్టి దిగుడులో అడుగులు చిన్నవిగా, పాదం ఒంటి కిందే పడేలా ఉండాలి. మడమ ముందుకు చాపి బ్రేకు వేస్తే జారేది అప్పుడే.

నీటి అంచున వెళ్ళే ప్రూనస్, పెటాయ్, చెంపెరాయ్ చెక్క బాటలు వానపడ్డాక గాజులా ఉంటాయి. వాటిమీద మనకు నడకే నియమం. మలుపులో కాలు నొక్కి తిరగకండి. ఎదురుగా వచ్చేవారిలో పెద్దవాళ్ళు, పిల్లలు ఎక్కువ.

బూటుకు పళ్ళ లోతుకన్నా రబ్బరు మెత్తదనం ముఖ్యం. దిగుడులో కాలివేళ్ళు ముందుకు కొట్టుకుని గోరు నల్లబడుతుంటే సైజు పెంచకుండా ముందు లేసు మార్చి చూడండి. పై రెండు రంధ్రాల్లో ఒకేవైపు లేసుతో చిన్న ఉచ్చు వేసి, అవతలి లేసును అందులోంచి లాగి ముడివేస్తే మడమ కదలదు. నూలు మేజోళ్ళు వద్దు. చెమట పీల్చి ఆరవు, ఎనిమిదో కిలోమీటరుకల్లా బొబ్బ లేస్తుంది.

ఉక్క, నీళ్ళు

నీడ ఉంది కదా, ఎండదెబ్బ ఏమిటని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. చెమట కారితే ఒళ్ళు చల్లబడదు, ఆరితేనే చల్లబడుతుంది. పొద్దున పూట ఇక్కడ గాలిలో తేమ తరచూ 90 శాతం దాటుతుంది, పైగా చెట్ల మధ్య గాలి ఆడదు. ఇంటి దగ్గర రోహిణి కార్తె ఎండను తట్టుకున్నవాళ్ళు కూడా ఇక్కడ తడబడేది అందుకే. అది పొడి వేడి, ఇది ఆవిరి.

ఎన్ని నీళ్ళు అన్నది మనిషిని బట్టి ఉంటుంది. ఒకసారి పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరు పోయినట్టు. మధ్యలో తాగింది దానికి కలపాలి. అర లీటరు సీసా లేకుండా ఎవర్నీ లూప్‌కు పంపడం లేదు. ఇంట్లో కలుపుకునేవారు లీటరు నీటికి అర టీస్పూను ఉప్పు, ఆరు టీస్పూన్ల చక్కెర, ఒక నిమ్మకాయ వేసుకోండి. ఉప్పు ఉజ్జాయింపుగా వేయకండి, కొలవండి. ఒట్టి నీళ్ళే అదేపనిగా తాగడమూ ప్రమాదమే. రక్తంలో సోడియం పలచబడి తల తిరుగుతుంది, వాంతి వస్తుంది. దాన్ని దాహమనుకుని ఇంకా తాగిస్తే ముప్పు.

పిడుగులు

ఈ ఏడాది రద్దయిన ఆదివారాల్లో ఎక్కువ వీటివల్లే. ఏప్రిల్ నుంచి నవంబరు వరకు 'సుమత్రా'లనే గాలివానలు తెల్లవారుజామున, పొద్దున వస్తాయి. గంటా రెండు గంటలు ఈదురుగాలి, పిడుగులు, కుండపోత. మిగతా ఉరుముల వానలు సాధారణంగా మధ్యాహ్నం తర్వాతే. బయల్దేరే ముందు మైఎన్వ్ అనే ప్రభుత్వ యాప్‌లో మెరుపుల సమాచారం చూడటం గ్రూపు నాయకుడి పని. ఉరుము వినబడితే మొదలుపెట్టం. దారిలో వినబడితే దగ్గరున్న పక్కా కట్టడానికి వెళ్తాం. చెట్టు కింద నిలబడం. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగుతాం. "వాన తగ్గిందిగా, పోదాం" అన్న వాదన ఈసారీ చాలాసార్లు విన్నాం. గడియారం పెట్టుకునేది వానకు కాదు, ఉరుముకు. వాన వెలిశాక కూడా కొమ్మలు విరిగిపడతాయి, పైకి చూస్తూ నడవండి.

కోతులు, మిగతా అడవి

ఇక్కడి పొడవు తోక కోతులకు ప్లాస్టిక్ సంచి కనిపిస్తే తిండి కనిపించినట్టే. పరుగు తర్వాత పులిహోర పొట్లాలు క్యారీ బ్యాగులో తెచ్చినప్పుడు ఏం జరిగిందో ఆ రోజు వచ్చినవారికి తెలుసు. ఇకపై టిఫిను జిప్పున్న బ్యాక్‌ప్యాక్‌లోనే. కోతి దగ్గరకొస్తే కళ్ళలోకి చూడకుండా, పళ్ళు కనబడేలా నవ్వకుండా మెల్లగా వెనక్కి తగ్గండి. తిండి పెట్టడం 2020 జూన్ నుంచి వన్యప్రాణి చట్టం కింద నేరం, మొదటిసారికే 5,000 డాలర్ల దాకా జరిమానా. పుణ్యమని అరటిపండు ఇచ్చే పెద్దలకు ఇంట్లోవాళ్ళే నచ్చజెప్పాలి.

ఇదే అడవిలో అలుగులు (పాంగొలిన్లు), రాఫిల్స్ లంగూర్ కోతులు ఉన్నాయి. పాటలు పెట్టుకుని పరుగెత్తేవారు స్పీకరు ఆపండి, ఒక చెవి ఖాళీగా ఉంచండి. బాట దాటి అడ్డదారులు తొక్కకండి. పాదం పడిన చోట మట్టి గట్టిపడి వాన ఇంకదు, మరుసటి వానకు అదే కాలువ అవుతుంది.

మందుల సంచి

గ్రూపుకు ఆరుగురు మించకూడదు. ప్రతి గ్రూపుకూ ఒక సంచి. అందులో 7.5 సెంటీమీటర్ల క్రేప్ బ్యాండేజీ ఒకటి, త్రికోణపు కట్టు గుడ్డ ఒకటి, 20 మిల్లీలీటర్ల సెలైన్ గొట్టాలు నాలుగు, గాజు గుడ్డ ప్యాకెట్లు నాలుగు, ఓఆర్ఎస్ రెండు, పట్టకారు, విజిల్, రేకు దుప్పటి. ఈసారి తనిఖీలో తరచూ ఖాళీగా కనిపించినవి సెలైన్, ఓఆర్ఎస్. వాడినవారు గ్రూపు నాయకుడికి చెప్పడం మరిచిపోతున్నారు.

చీలమండ బెణికితే బూటు విప్పకండి. విప్పితే వాపుకు మళ్ళీ ఎక్కదు. బరువు మోపి నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తప్పదు. ఎవరైనా తికమకగా మాట్లాడుతూ తూలుతుంటే అది ఎండదెబ్బే అనుకుని అక్కడే కూర్చోబెట్టి తడపండి, విసరండి, 995కు ఫోన్ చేయండి. బాట పేరు, దగ్గర్లో దూరం చూపే గుర్తు మీది అంకె చెప్పండి. "చెరువు దగ్గర" అంటే అంబులెన్సు వాళ్ళకు ఉపయోగం లేదు.

ఇంకా కుదరనిది ఒకటుంది, వెనక నడిచే మనిషి. ప్రతి గ్రూపులో అందరికన్నా ఆఖర్న వచ్చి, ఎవరూ వెనకబడిపోలేదని చూసేవారు కావాలి. ఇప్పటిదాకా ఈ పని ఇద్దరు ముగ్గురి మీదే పడుతోంది, వాళ్ళు తమ పరుగు వదులుకుంటున్నారు. నెలకొక ఆదివారం చొప్పున చేయగలవారు సర్వసభ్య సమావేశంలో కార్యదర్శికి పేరివ్వండి. సంచి ఎలా వాడాలో అదే రోజు అరగంట చూపిస్తాం.