సాయంత్రం ఒక గంట ఆటకు వదలండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నేను విజయవాడలో ఉద్యోగం చేసుకుంటున్న తల్లిని. నాలుగో తరగతి చదివే మా పాప ఉదయం 7:40కి బడి బస్సెక్కి, సాయంత్రం 5 దాటాక ఇల్లు చేరుతుంది. కాళ్లు కడుక్కుని, ఏదైనా తిని, హోంవర్క్ ముందు కూర్చునేసరికి ఆరవుతుంది. డిసెంబరులో ఆ వేళకు వీధిలో చీకటి పడిపోతుంది. తల్లిదండ్రులమిద్దరం ఏడింటికి ఇంటికొచ్చాక, పాప నిద్రపోయే వరకు మాకు మిగిలే రెండు గంటలూ "రాశావా? చూపించు" అన్న మాటలతోనే గడిచిపోతున్నాయి.

పిల్లలకు సమయం కేటాయించండని తల్లిదండ్రుల సమావేశాల్లో మాకు చెబుతుంటారు. ఫోను పక్కన పెట్టలేకపోవడం వంటి మా తప్పులు మాకున్నాయి, కాదనను. కానీ మా చిన్నతనంలో మా అమ్మకు మాత్రం తీరిక ఎక్కడిది? ఆమె వంటింట్లో ఉండగానే మేం వీధిలో ఏడు పెంకులాట, తొక్కుడుబిళ్ల ఆడుకునేవాళ్లం. ఎందుకంటే బడి నాలుగింటికే వదిలేది, వీధి నిండా పిల్లలుండేవారు, వాహనాల భయం అంతగా ఉండేది కాదు. ఆటకు కావలసింది పెద్దల తీరిక కన్నా ముందు వెలుతురు, చోటు, తోటి పిల్లలు. ఈ మూడూ ఇప్పుడు ఏ ఇంటికి ఆ ఇల్లు సమకూర్చుకోగలిగేవి కావు. మా అపార్ట్‌మెంటులో ఖాళీగా ఉన్న చోటల్లా కార్లే ఉన్నాయి.

పిల్లలకు సాయంత్రం ఒక గంట ఆట దొరకడానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు. రెండో తరగతి వరకు హోంవర్క్ ఇవ్వరాదనీ, 3 నుంచి 5 తరగతుల వారికి వారానికి 2 గంటలు మించరాదనీ కేంద్రం 2020లో తెచ్చిన బడిసంచి విధానం చెబుతోంది. మా పాపకు ఆ వారం కోటా రెండు రోజుల్లోనే దాటిపోతోంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటోంది. ఉన్న స్థలాలకేమో బడి వదలగానే తాళం పడుతోంది.

కాబట్టి నేను కోరేవి రెండే. తనిఖీకి వెళ్లే అధికారులు, ప్రైవేటు బడులతో సహా, పిల్లల డైరీలు తెరిచి ఇచ్చిన హోంవర్క్‌ను ఆ పరిమితితో పోల్చి చూడాలి. పరీక్షల ముందు ఆటల పీరియడును లెక్కలకు ఇచ్చేస్తున్నారేమో కూడా అప్పుడే అడగాలి. రెండోది, ప్రభుత్వ, మునిసిపల్ బడుల మైదానాలను సాయంత్రం 7 గంటల వరకు ఆ వాడలోని పిల్లలందరికీ తెరిచి ఉంచాలి. ఒక కాపలాదారు, నాలుగు దీపాలు, తాగునీరు, తాళం వేయని మరుగుదొడ్డి ఉంటే చాలు. ఆడపిల్లల్ని పంపడానికి మాలాంటివారికి ధైర్యం వచ్చేది వీటివల్లే.

ఐక్యరాజ్యసమితి 2024లో జూన్ 11ను అంతర్జాతీయ ఆటల దినంగా ప్రకటించింది. మన బడులు సాధారణంగా ఆ మరునాడే తెరుచుకుంటాయి. వచ్చే విద్యాసంవత్సరానికి ఈ రెండు ఉత్తర్వులూ జూన్ 11నే వెలువడేలా చూడవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక తల్లి